పొడి డబ్బా కంటే ముందు

ఈ వారం పెట్ షాపులో చూసిన ఒక డబ్బా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. థైరాయిడ్ జబ్బున్న కుక్కలకు యాంటీఆక్సిడెంట్ పొడి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ నుంచి కాపాడుతుందట. పక్కనే ఒక పెద్దాయన తన లాబ్రడార్ కోసం రెండు డబ్బాలు తీసుకున్నారు. "రక్త పరీక్ష చేయించారాండీ?" అని అడిగాను. "ఎందుకండీ, బొచ్చు రాలుతోంది, ఒళ్లొచ్చింది. థైరాయిడే" అన్నారు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలిసిందే: ముందు చెయ్యి, తరువాత సూది, చివర మందు. కుక్కను నిదానంగా తడిమి చూడాలి. దురద లేకుండా రెండు పక్కలా సమానంగా పలచబడిన బొచ్చు, ఎలుక తోకలా బోడిగా మారిన తోక, తిండి పెరగకుండానే పెరిగిన బరువు, వెచ్చని చోటు వెతుక్కుని లేవకపోవడం, చర్మం ఉబ్బి దిగులుగా కనిపించే ముఖం. ఇవన్నీ కంటికీ చేతికీ అందుతాయి. అంతమాత్రాన థైరాయిడ్ మందగించే జబ్బు ఖాయం కాదు. ఇంకేదో జబ్బుతో పడి ఉన్న కుక్కలోనూ, స్టెరాయిడ్లో ఫిట్స్‌కి ఇచ్చే ఫినోబార్బిటాలో వాడుతున్న కుక్కలోనూ రక్తంలో థైరాయిడ్ హార్మోను టీ4 తగ్గుతుంది. గ్రేహౌండ్లకు ఆరోగ్యంగా ఉన్నా తక్కువే. అందుకే ఒక్క టీ4 అంకె చూసి తీర్పు చెప్పడం నాకు గిట్టదు. ఫ్రీ టీ4, గ్రంథిని పురిగొల్పే టీఎస్‌హెచ్ పక్కపక్కన పెట్టి చదవాలి. నిజంగా జబ్బున్న కుక్కల్లో కూడా కొన్నింటికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది కాబట్టి, మళ్లీ చెయ్యే సాక్ష్యం చెప్పాలి.

థైరాయిడ్ వైద్యం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు 1891 నాటి ఇంగ్లండు గుర్తొస్తుంది. న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు, గ్రంథి పనిచేయక ఒళ్లంతా ఉబ్బిపోయిన ఒక మహిళకు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించాడు. ఆమె కోలుకుని, ఆ మందు మీదే మరో 28 ఏళ్లు బతికింది. గొర్రె గ్రంథి మనిషిని నిలబెట్టింది. ఈనాడు అదే హార్మోను, ప్రయోగశాలలో తయారై, మాత్రగా కుక్కకు చేరుతోంది. అయితే మనిషి లెక్క కుక్కకు పనికిరాదు. మనకు రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతే, కుక్కకు 20 దాకా, అదీ రోజుకు రెండుసార్లు ఇస్తారు. దాని పేగు ఈ మందును తక్కువగా పీల్చుకుంటుంది, ఒళ్లు త్వరగా బయటికి పంపేస్తుంది. అన్నంలో కలిపి పెడితే ఇంకా తక్కువే అందుతుంది. ఇంట్లో అమ్మగారి మాత్ర సగం విరిచి కుక్కకు పెట్టకండి అని నేను పదేపదే రాసేది ఇందుకే.

ఇక ఆక్సిడేటివ్ స్ట్రెస్ విషయం. ఒంట్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులను అదుపు చేసే శక్తి చాలకపోవడమే అది. థైరాయిడ్ గ్రంథి తన హార్మోను తయారీకి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తానే పుట్టించుకుంటుంది. అయోడిన్‌ను అతికించేందుకు అది కావాలి. దాని వేడి తగలకుండా కాచే ఎంజైములకు సెలీనియం కావాలి. అంటే గ్రంథి నిత్యం నిప్పుతో పనిచేస్తుంది.

హార్మోను తగ్గితే ఒళ్లంతా మందగిస్తుంది కాబట్టి ఆ ఆక్సిజన్ అణువులూ తక్కువగానే పుట్టాలని మొదట అనిపిస్తుంది. కానీ జబ్బున్న కుక్కల్లో చాలావాటికి కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఆ కొవ్వు ఆక్సీకరణకు లోనవుతుంది. పైగా దాదాపు సగం కేసుల్లో సొంత రోగనిరోధక కణాలే గ్రంథిని కొరికేస్తున్నాయి. త్రాసు ఏ పక్కకు మొగ్గుతుందో తేలిగ్గా చెప్పలేం.

అందుకే ఆ డబ్బా మీద కోపంతో ఈ అంశాన్నే కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. కొవ్వు ఎంత ఆక్సీకరణ చెందిందో చెప్పే మలోన్‌డైఆల్డిహైడ్‌ను రక్తంలో కొలవొచ్చు. మన వెటర్నరీ కాలేజీలు ఆ పని చేయాలని కోరుకుంటున్నాను. మాత్ర మొదలుపెట్టక ముందు ఒకసారి, హార్మోను దారిలో పడ్డాక మరోసారి. మాత్రతోనే అది తగ్గితే పొడి అక్కర్లేదు. తగ్గకుండా మిగిలితే మాత్రం, ఎంత మోతాదులో ఏది ఇవ్వాలో అప్పుడు నేనూ కూర్చుని చదువుతాను. సెలీనియం ఎక్కువైతే కుక్కకు విషం కాబట్టి, అంచనాగా చెంచా కొద్దీ వేయడానికి మాత్రం ఒప్పుకోను.