వాసన వాయిదా వేసింది

అనువాదాలు కొత్తగా చేస్తున్న రోజులు. ఓ ఇంగ్లిష్ కథలో చేపల కూర ముందు కూర్చున్న మనిషి, ఆ వాసన తనను 'పుట్ ఆఫ్' చేసిందంటాడు. నిఘంటువు కూడా తిప్పకుండా 'వాసన నన్ను వాయిదా వేసింది' అని రాసి పారేశాను. మా పెద్ద సబ్ ఎడిటర్ గారు నవ్వలేదు. కింద గీత గీసి, పక్కన 'ఏ తారీకుకి?' అని రాసి కాగితం వెనక్కి పంపారు.

అప్పట్నుంచి ఈ మాట కనబడితే ముందు క్రియను చూడను, దాని బారిన పడిందెవరో చూస్తాను. మీటింగో ప్రయాణమో అయితే వాయిదాయే. మనిషయితేనే చిక్కు. అప్పులవాణ్ణి పుట్ ఆఫ్ చేయడమంటే రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుకోవడం. తిండి దగ్గరయితే సయించకపోవడం, ఎదుటివాడి తీరు చూసి అయితే మనసు విరగడం. నా వాక్యం చివరికి 'వాసనకే ముద్ద దిగలేదు' అని అచ్చయింది. దీన్ని 'కాల్ ఆఫ్'తో కలిపేస్తే మరీ ప్రమాదం. పెళ్లి పుట్ ఆఫ్ అయితే ఇంకో ముహూర్తం చూసుకుంటారు, కాల్ ఆఫ్ అయితే ఇచ్చిన శుభలేఖలకు సంజాయిషీ చెప్పుకోవాలి.

వ్యాకరణం కొంచెమే. 'ఇట్' వస్తే రెండు ముక్కల మధ్యే ఇరుక్కోవాలి: 'పుట్ ఇట్ ఆఫ్'. వెనకాల ఇంకో క్రియ వస్తే 'పుట్ ఆఫ్ గోయింగ్' అనాలి, 'టు గో' కుదరదు. మనమూ 'వెళ్లడం' వాయిదా వేస్తాం గానీ 'వెళ్లడానికి' వాయిదా వేయం కదా!

1755లో నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సనే, ఇలా తోక తగిలించుకున్న క్రియలతో పరాయివాళ్లకు మహా కష్టమని ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఇంగ్లిష్‌ను ఆడిపోసుకునే ముందు మన 'పెట్టు' సంగతీ చూడాలి. అన్నం పెడతాం, పేరు పెడతాం, కేసు పెడతాం, వంకలు పెడతాం, పరుగు పెడతాం. చేయబుద్ధి కాని పనిని పక్కన పెడతాం. తెలుగు నేర్చుకునే పాపానికి ఎవరైనా 'పోలీసులు కేసు వడ్డించారు' అంటే నేను మాత్రం నవ్వను.

మన ఇళ్లలో ఇప్పటికీ లైటు 'పుట్ ఆఫ్' చేయమంటారు. ఇంగ్లండులో ఈ రోజుల్లో ఎక్కువగా వినబడేది 'టర్న్ ఆఫ్', 'స్విచ్ ఆఫ్'. అయినా మనవాళ్లను తప్పు పట్టబుద్ధి కాదు. దీపం ఆరిందనే మాట నోట రానివ్వని మా అమ్మమ్మ, కరెంటు పోయినా 'బల్బు కొండెక్కిందిరా' అనేది.