పేరు తెలిసినంత మాత్రమున చాలునా?

సీ, సీ++ వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు ముందుగనే యంత్రభాషలోనికి మార్చును. అప్పుడే ప్రతి ఫంక్షనుకు, అనగా ప్రమేయమునకు, ఎన్ని విలువలు అందవలెనో, అవి ఏ రకమువి కావలెనో సరిచూచును. ఈ కాపలాయే ఇట్టి భాషల గొప్ప సుగుణము.

అయితే కొన్ని ప్రమేయములను ప్రోగ్రాము నడచుచుండగా వేరొక ఫైలునుండి తెచ్చుకొనవలసి వచ్చును. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ అట్టి ఫైలును మెమొరీలోనికి తెచ్చును. గెట్‌ప్రాక్‌అడ్రస్ పేరునుబట్టి ప్రమేయపు చిరునామా నిచ్చును. యూనిక్స్ జాతి వ్యవస్థలలో డీఎల్‌ఓపెన్, డీఎల్‌సిమ్ ఈ పనియే చేయును. దొరకునది చిరునామా మాత్రమే. అచ్చటి ప్రమేయము ఏమి పుచ్చుకొనునో, ఏమి తిరిగి యిచ్చునో ప్రోగ్రాము వ్రాసినవాడే చెప్పవలెను; కంపైలరు ఆ మాటను నమ్మి ఊరకుండును. లోపమంతయు ఇక్కడనే యున్నది.

గణిత లైబ్రరీలోని కొసైన్ ప్రమేయమునే చూడుడు. 64 బిట్ల ఇంటెల్ జాతి యంత్రములపై లినక్సులో దశాంశసంఖ్యలు ఒక రకపు రిజిస్టర్లలోను, పూర్ణసంఖ్యలు మరొక రకపు రిజిస్టర్లలోను అందును. కొసైన్‌కు పూర్ణసంఖ్య కావలెనని పొరపాటున వ్రాసి 0 పంపినచో, అది ఒకచోటికి పోవును. ప్రమేయము మరొకచోట వెదకును. అచ్చట ఏ పాత విలువ మిగిలియుండునో దాని కొసైన్ వచ్చును. 1 రావలసినచోట 0.54 రావచ్చును. యంత్రము ఆగదు, హెచ్చరిక లేదు. జవాబు సాధారణముగ −1, +1ల నడుమనే యుండును గనుక అనుమానమును కలుగదు. ఇంతకంటె ప్రోగ్రాము కూలిపోవుటయే మేలు!

విచిత్రమేమనగా, సీ++ కంపైలర్లు విలువల రకములను పేరులోనే పొదుగును. ఏరియా అను ప్రమేయము దశాంశసంఖ్యను పుచ్చుకొనునదైనచో, జీసీసీ కంపైలరు ఆ పేరు చివర డి అను అక్షరమును చేర్చును. అట్టి పేరుతో వెదకుట కష్టమని, ఎక్స్‌టర్న్ సీ అను గుర్తుతో ఆ సమాచారమును చెరిపివేయుట వాడుక. ఉన్న సాక్ష్యమును చేజేతులా పోగొట్టుకొనుటయే ఇది.

పేరుతో మాత్రమే పని జరుగుటచేతనే ఒక భాషలో వ్రాసినది మరొక భాషకు అందుచున్నదను వాదము కలదు. అది నిజమే. కాని 2002లో వెలువడిన డాట్‌నెట్ ఫైళ్లలో రకముల వివరణ ప్రమేయముతోపాటే నిలిచియున్నది. పలుభాషల పొత్తుకు అది అడ్డు కాలేదు.

2011 నాటి సీ++ ప్రమాణములోని డెకెల్‌టైప్‌తో హెడరునుండియే ప్రమేయపు రూపమును తీసికొన్నచో చేతివ్రాత తప్పులు తగ్గును. హెడరు ఒక కూర్పుది, లైబ్రరీ మరొక కూర్పుది అయినచో ఆ ఉపాయమును రక్షింపజాలదు.