‘ఎలా సాయపడ్డాడు?’ అనే గడి

పోయిన నవంబరులో ఒక సాయంత్రం, మా బడిలో నాతో పనిచేసి రిటైరైన మేడమ్‌గారు ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయి కుటుంబం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటుంది. మనవరాలు అక్కడ మూడో తరగతి. బడిలో ఒక జీవితచరిత్ర ప్రాజెక్టు ఇచ్చారట. “మాస్టారూ, మీ వాళ్ళ గురించే కదా, కాస్త పాపకు చెప్పండి” అన్నారు. మా వాళ్ళా? నేను కోయవాణ్ణి. పాప రాయాల్సింది నాలుగు వందల ఏళ్ళ కిందట అట్లాంటిక్ సముద్రం ఒడ్డున బతికిన ఒక మనిషి గురించి. అయినా ఆమె మాట తప్పనిపించలేదు. వర్క్‌షీటు ఫొటో తీసి పంపమన్నాను.

ఒకటే పేజీ. పైన బొమ్మ: తలలో ఈక పెట్టుకున్న ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని మొక్కజొన్న మొక్క మొదట్లో చేపను పాతిపెడుతున్నాడు. చుట్టూ టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్ళు నిలబడి చూస్తున్నారు. కింద గళ్ళు. పేరు. పుట్టిన తేదీ, ఊరు. కుటుంబం. చేసిన గొప్ప పని. యాత్రికులకు ఎలా సాయపడ్డాడు? అతన్ని వర్ణించే మూడు పదాలు. పేరు గడిలో ముందే అచ్చువేసి ఉంది, స్క్వాంటో అని. పాప చివరి గడి నింపేసింది: మంచివాడు, తెలివైనవాడు, సాయం చేసేవాడు.

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. గళ్ళున్న కాగితం చూస్తే అందులో ఏం పడుతుందో, ఏం పడదో అంచనా వేయడం మా వృత్తిలో భాగం. ఈ కాగితాన్ని అలాగే చూద్దాం.

స్క్వాంటో అసలు పేరు టిస్క్వాంటమ్. ఆయన ఊరు పటక్సెట్. వాంపనోగ్ ప్రజల ఊళ్ళలో అదొకటి. 1614లో థామస్ హంట్ అనే ఇంగ్లీషు ఓడ కెప్టెన్ ఇరవై మందికి పైగా మనుషుల్ని ఓడెక్కించి, స్పెయిన్‌లోని మాలగాకు తీసుకుపోయి అమ్మకానికి పెట్టాడు. వాళ్ళలో టిస్క్వాంటమ్ ఒకడు. అక్కడి నుంచి ఎలాగో బయటపడి ఇంగ్లండు చేరాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. 1619లో తిరిగి తన ఊరికొచ్చాడు. ఊరు లేదు. అంతకుముందు రెండు మూడేళ్ళలో, పై దేశాల ఓడల వెంట వచ్చిన అంటురోగం ఆ తీరాన్ని తుడిచిపెట్టేసింది. పటక్సెట్‌లో పలకరించడానికి ఒక్క మనిషి మిగల్లేదు. మరుసటి ఏడాది చివర మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ళు ప్లిమత్ అనే తమ ఊరిని కట్టుకున్నది ఆ పాడుబడ్డ పటక్సెట్ మీదే. అంతకుముందే నరికి చదును చేసిన పొలాలు వాళ్ళకు సిద్ధంగా దొరికాయి.

ఇప్పుడు గళ్ళకు రండి. కుటుంబం? చనిపోయారు, ఎందుకు చనిపోయారో రాయడానికి చోటు లేదు. ఊరు? ప్లిమత్ అని పాప రాసింది. తప్పు కాదు, ఒప్పూ కాదు. ఇంగ్లీషు ఎలా వచ్చింది? ఆ గడే లేదు. ఉన్నదల్లా ‘ఎలా సాయపడ్డాడు?’ అన్నది. ఎత్తుకుపోయి అమ్మిన కథ తీసేస్తే, ఇంగ్లీషు మాట్లాడే ఒక ఆదివాసీ సరిగ్గా అవసరమైన వేళకు అడవిలోంచి దేవుడు పంపినట్టు నడుచుకుంటూ వస్తాడు. అబద్ధం ఒక్కటీ రాయకుండా అబద్ధం చెప్పడమంటే ఇదే. పిల్ల తప్పు చేయలేదు. ప్రశ్న అడిగినంత మేరకే జవాబు రాసింది.

ఆ కాలం మీద బడుల్లో ఎక్కువగా రాయించే ఇంకో జీవితం పోకహాంటస్‌ది. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ కట్టింది 1607లో. ఆ చుట్టుపక్కల తెగలన్నిటికీ పెద్ద అయిన పౌహటన్ కూతురు ఈమె. పోకహాంటస్ అన్నది ముద్దుపేరు. అసలు పేర్లు అమోనూట్, మటోకా. జాన్ స్మిత్ అనే ఇంగ్లీషువాడి తల తీయబోతుంటే ఆమె అడ్డుపడి కాపాడిందన్నది పిల్లలందరూ రాసే ఘట్టం. అప్పటికి ఆమెకు పదీ పదకొండేళ్ళు. స్మిత్ 1608లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో ఈ సంగతి చెప్పనే లేదు. 1624లో వచ్చిన పెద్ద పుస్తకంలో చెప్పాడు. అప్పటికి ఆమె పోయి ఏడేళ్ళు. అవునో కాదో చెప్పడానికి ఆమె లేదు. రుజువులున్న సంగతి వేరే ఉంది. 1613లో ఇంగ్లీషువాళ్ళు ఆమెను మోసంతో ఓడెక్కించి బందీగా పట్టుకున్నారు. బందీగా ఉండగానే మతం మార్చి రెబెకా అని పేరు పెట్టారు. 1614లో పొగాకు పండించే జాన్ రాల్ఫ్‌తో పెళ్ళయింది. 1616లో ఇంగ్లండు తీసుకెళ్ళి అందరికీ చూపించారు. 1617లో తిరుగు ప్రయాణం మొదలవుతూనే అక్కడే చనిపోయింది. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళ వయసు. ఆమె గొప్ప పని ఏదని అడిగితే మళ్ళీ అదే జవాబు: తెల్లవాణ్ణి కాపాడింది.

రెండు జీవితాలు, రెండు అపహరణలు. రెండింటిలోనూ బడికి పనికొచ్చింది సాయం ఒక్కటే. ఆదివాసీ గొప్పవాడు కావాలంటే వచ్చినవాడికి పనికిరావాలి. తనవాళ్ళకు ఏం చేశాడో లెక్కలోకి రాదు. వలసపాలన చరిత్రను జీవితచరిత్రలుగా ముక్కలు చేసి పిల్లలకు పంచే పద్ధతి మీద నా మొదటి అభ్యంతరం ఇది.

రెండోది విత్తనాల సంగతి. 1620 నవంబరులో మేఫ్లవర్‌వాళ్ళు కేప్ కాడ్ దగ్గర దిగి తిరుగుతూ, ఇసుకలో బుట్టల్లో పాతిపెట్టిన మొక్కజొన్నను తవ్వి తీసుకున్నారు. ఈ మాట వాళ్ళే రాసుకున్నారు. తర్వాత బదులిచ్చామనీ రాసుకున్నారు. సరే. కానీ చలికాలం ముందు గింజలు పాతిపెట్టినవాళ్ళకు అవి ఏమిటో మన ఇళ్ళలో చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసిన కంకుల్ని ఆకలేసినా పిల్లలు ముట్టుకోరు. అవి వచ్చే ఏడాది. ప్లిమత్‌వాళ్ళ మొదటి పంటలో ఆ గింజలూ ఉన్నాయి. చేప వేసి నాటడం నేర్పినవాడి బొమ్మ వర్క్‌షీటు మీద ఉంది. గింజలు ఎక్కడివి అన్న ప్రశ్న లేదు.

మూడోది, కథను ఎక్కడ ఆపారన్నది. 1621 శరదృతువులో పంట కోసిన సంబరానికి వాంపనోగ్ పెద్ద మసాసోయిట్ తొంభై మందితో వచ్చాడు. వాళ్ళు ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. అందరూ మూడు రోజులు తిన్నారు. దీని గురించి అప్పటి ఉత్తరంలో ఉన్నది కొన్ని వాక్యాలే. దేశమంతటికీ థాంక్స్‌గివింగ్ సెలవును లింకన్ ప్రకటించింది 1863లో, అంతర్యుద్ధం మధ్యలో. పిల్లల ప్రాజెక్టు ఆ విందు బల్ల దగ్గర ఆగిపోతుంది. మసాసోయిట్ కొడుకు మెటాకమ్ 1675లో భూమి కోసం యుద్ధానికి దిగాడు. 1676లో ఆయన్ని చంపి, తలను ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఏళ్ళ తరబడి ఉంచారు. కొడుకును బానిసగా అమ్మేశారు. తాత విందుకొచ్చిన ఊళ్ళోనే తండ్రి తల. మధ్యలో గడిచింది యాభై అయిదేళ్ళు. తాత మీద వర్క్‌షీటు ఉంది. తండ్రి మీద నాకు కనిపించలేదు.

“మూడో తరగతి పిల్లలకు తలలు నరికిన కథలు చెప్పాలా మాస్టారూ?” అని మేడమ్‌గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. చెప్పనక్కర్లేదు. నెత్తురు దాచవచ్చు, కారణం దాచకూడదు. ‘ఇతను తన ఊరికి తిరిగి వచ్చేసరికి ఏం చూశాడు?’ అని అడిగితే ఎనిమిదేళ్ళ పిల్ల జవాబు చెప్పగలదు. ‘నువ్వైతే ఏం చేసేదానివి?’ అంటే ఆలోచించగలదు కూడా. పిల్లల వయసు పేరు చెప్పి మనం కాపాడుకునేది చాలాసార్లు పెద్దల సుఖాన్నే.

అమెరికాలో అందరూ ఇలాగే చెబుతున్నారని నేను అనడం లేదు. 1970లో ప్లిమత్ మూడువందల యాభయ్యో వార్షికోత్సవానికి ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ నాయకుణ్ణి మాట్లాడమని పిలిచారు. ప్రసంగం ముందే చదివి, మార్చమన్నారు. ఆయన మార్చనన్నాడు. ఆ ఏడాది నుంచి థాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లో సంతాపదినం జరుపుతున్నారు. మోంటానా రాష్ట్రం 1972 రాజ్యాంగంలోనే ఆదివాసీ వారసత్వాన్ని గుర్తించింది. 1999లో ప్రతి బడిలో ప్రతి పిల్లకూ దాన్ని నేర్పాలని చట్టం చేసింది. పుస్తకాలూ వచ్చాయి. జోసెఫ్ బ్రూచాక్ 2000లో రాసిన ‘స్క్వాంటోస్ జర్నీ’లో కథను టిస్క్వాంటమే తన నోటితో చెబుతాడు. అపహరణతో సహా. 2022లో వచ్చిన ‘కీపునుమక్’ అనే బొమ్మల పుస్తకం ఇంకో అడుగు వేసింది. ఆ విందు కథలో ముఖ్యపాత్ర మొక్కజొన్న. దాన్ని రాసిన ముగ్గురూ ఆదివాసీలే, ఒకరు వాంపనోగ్. వీరుడు లేకుండా కథ నడపవచ్చని మా వయసు టీచర్లకు అది పాఠం.

జీవితచరిత్రలే కావాలంటే కొదవ లేదు. వీటమూ అనే ఆడమనిషి మెటాకమ్ యుద్ధంలో తన ప్రజల్ని నడిపిన పెద్ద. జేమ్స్ ప్రింటర్ అనే నిప్‌మక్ ఆదివాసీ కేంబ్రిడ్జిలోని అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. 1663లో అక్కడ మసాచుసెట్ భాషలో బైబిలు అచ్చయింది. అమెరికాలో అచ్చయిన మొదటి పూర్తి బైబిలు అదే, అదీ ఆదివాసీ భాషలో. ఆ పనిలో అతని చెయ్యి ఉంది. తర్వాత ఆ భాష మాట్లాడేవాళ్ళు నూరేళ్ళకు పైగా లేకుండా పోయారు. 1993 నుంచి జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ దాన్ని తిరిగి తెచ్చే పని పెట్టుకుంది. ఆ బైబిలు, పాత కాగితాలు ముందేసుకుని భాష నేర్చుకుని తన కూతుర్ని ఆ భాషలోనే పెంచింది. మనుషుల్ని మార్చడానికి అచ్చువేసిన పుస్తకం వాళ్ళ మనవల చేతిలో భాష పుస్తకమైంది. కోయ, గోండి, కువి మాట్లాడే పిల్లలకు తెలుగులో పాఠం చెబుతున్న మనం ఈ రెండు జీవితాల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇంతవరకు రాశాక నా పని నాకు గుర్తొచ్చింది. మన పుస్తకాల్లోనూ రంప పోరాటం ఒక్కరి జీవితంగానే వస్తుంది. అల్లూరి సీతారామరాజు మీద నాకున్న గౌరవం తక్కువ కాదు. కానీ గాం గంటందొర, మల్లుదొర ‘అనుచరులు’ అన్న ఒక్క మాటలో సర్దుకుపోతారు. మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని నా తరగతిలో ఎంతమందికి తెలుసు? నాకే డైట్‌లో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కు ‘ఒక మహనీయుని జీవితచరిత్ర’ ప్రాజెక్టు ఇచ్చాను. అందరూ దుకాణంలో అమ్మే బొమ్మల షీటు కొని కత్తిరించి అతికించారు. ఒక్క కోయ పిల్ల మాత్రం వాళ్ళ నాయనమ్మ గురించి రాసింది. పుట్టిన తేదీ లేదు. వానలు లేని ఏడాది ఊళ్ళో అందరి విత్తనాలూ అయిపోతే నాయనమ్మ ఆనపకాయ బుర్రల్లో దాచిన సామలు, జొన్నలు ఇల్లిల్లూ తిరిగి పంచిందని రాసింది. నేను ఎర్ర సిరాతో ‘ప్రముఖ వ్యక్తి గురించి రాయాలి’ అని రాసి మార్కులు తగ్గించాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. మరుసటి వారం గాంధీగారి బొమ్మ అతికించి తెచ్చింది. మసాచుసెట్స్‌లో గళ్ళు గీసిన టీచరుకూ నాకూ తేడా ఏముంది? ఆమె గడి అచ్చువేసింది, నేను సిరాతో గీశాను.

అందుకే ఆ గళ్ళు చించెయ్యమని అనను. పిల్లలకు మనుషుల కథలు కావాలి. గళ్ళలో రాసే ప్రశ్నలు మార్చుకుందాం. ఇతని మాటల్లో ఇతని పేరేమిటి? ఇతని కథను మొదట రాసిందెవరు, ఎన్నేళ్ళ తర్వాత? ఇతని వెంట ఉన్నవాళ్ళ పేర్లేమిటి? ఇతను తన ఊరికి ఏం చేశాడు, ఆ ఊరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఈ నాలుగూ పాపకు పంపాను. మూడోదానికి జవాబు దొరకలేదని, మాలగాలో అమ్మినవాళ్ళ పేర్లు పుస్తకంలో లేవని ఆమె వాళ్ళ అమ్మమ్మతో చెప్పింది. ఆ గడి ఖాళీగానే ఉంచి ఇవ్వమన్నాను. ఖాళీగా ఎందుకుందో కింద ఒక వాక్యం రాయమన్నాను.

ఈ ఏడాది మా బడిలో ప్రాజెక్టు మారింది. ‘మహనీయుని’ అన్న మాట తీసేశాను. ఎవరి గురించైనా రాయవచ్చు, కానీ ఆ మనిషిని ఎరిగినవాళ్ళను ఇద్దరిని అడిగి రాయాలి. ఆ కోయ పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆనాటి కాగితం దాచి ఉంచిందో లేదో అడగడానికి నాకు ఇంకా మొహం చెల్లలేదు.