తీగ మీద ఎగిరే కళ

శేరిలింగంపల్లిలో సురభి కాలనీకి, హైటెక్ సిటీ అద్దాల మేడలకు మధ్య పెద్ద దూరం లేదు. ఆ మేడల్లో పనిచేసేవాళ్లలో ఎందరికో ఈ కాలనీ సంగతి తెలియదు. సురభి నాటకాల్లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్లేదీ, రెండు బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాల్చేదీ, స్తంభం చీల్చుకుని నరసింహుడు వచ్చేదీ ఇక్కడివాళ్ల చేతుల్లోనే. కంటికి ఆనని తీగ, రంగులద్దిన తెరలు, తెర వెనక లాగే మనిషి, ఆ మనిషికి వేళ తప్పనివ్వని హార్మోనియం: సరంజామా ఇంతే.

ఇలాంటి రంగస్థల మాయను జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో కెరెన్ అంటారు. నటుడు తీగకు వేలాడుతూ ప్రేక్షకుల తలల మీదుగా ఎగిరిపోతాడు, క్షణంలో వేషం మార్చుకుని మరో పాత్రగా ప్రత్యక్షమవుతాడు. 1758లో ఒసాకాలో నమికి షోజో అమర్చిన తిరిగే రంగస్థలాన్ని కింద నిలబడి మనుషులే తిప్పేవారు. అయినా కెరెన్ అంటే గారడీ అనీ, అసలు అభినయానికి అది తక్కువనీ కబుకి పెద్దల్లో చాలాకాలం చిన్నచూపు ఉండేది. కబుకి నటుడు మూడో ఇచికావా ఎన్నోసుకె ఆ చిన్నచూపును లెక్కచేయలేదు. 1968లో ‘యొషిత్సునె సెన్‌బొన్ జకురా’లో నక్క పాత్ర వేసి, ఎప్పుడో మూలపడిన ఆ ఎగురుడును తిరిగి తెచ్చాడు. 1986లో తత్త్వవేత్త ఉమెహరా తకెషి చేత ‘యమాతో తకెరు’ రాయించి సూపర్ కబుకికి నాంది పలికాడు. మాటలు నేటి జపనీసులో నడిచాయి, కథ వేగం పెరిగింది, చివర రాకుమారుడు తెల్లని పక్షిగా మారి ఎగిరిపోతాడు. 2015లో ‘వన్ పీస్’ అనే కామిక్ కథ ఆ వరసలోనే సూపర్ కబుకిగా రంగస్థలమెక్కింది. మియజాకి కామిక్ కథ ‘నౌసికా’ 2019లో కబుకి అయింది.

ఎన్నోసుకె వేసిన ఆ నక్క నాటకం మొదట, 1747లో, బొమ్మలాటగా పుట్టింది. మనుషులు దాన్ని తర్వాత ఆడారు. సురభిదీ అదే దారి. మహారాష్ట్ర నుంచి వచ్చిన తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ను మనుషులతో ఆడారు. వనారస గోవిందరావు ఆ సమాజానికి మూలపురుషుడు. బొమ్మను ఆడించిన కుటుంబానికి బరువు ఎక్కడ వేలాడాలో, దారం ఎప్పుడు బిగించాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. లడ్డూ లేచే తీరులో నాకు ఆ తోలుబొమ్మల చేతివాటమే కనిపిస్తుంది. ఒక్క విషయంలో మనవాళ్లు ముందున్నారు. జపాన్‌లో 1629లో స్త్రీలను కబుకి నుంచి నిషేధించాక ఆడ వేషాలూ మగవాళ్లవే అయ్యాయి. సురభిలో ఇంటి ఆడపిల్లలే ద్రౌపదులు, శశిరేఖలు అయ్యారు.

సురభి నాటకంలో తెరలు ఒకదాని వెనక ఒకటి వేలాడుతుంటాయి. ముందు తెర దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనక చప్పుడు కాకుండా సభ సిద్ధమవుతుంది. తెర లేవగానే అడవి పోయి కొలువు వస్తుంది. రాజుగా వేసినవాడే కాసేపటికి తాడు పట్టుకుంటాడు. పద్యం ఏ అక్షరం మీద ఆగుతుందో తాడు పట్టినవాడికి తెలియకపోతే బాణం ముందే పోతుంది, నటుడి చెయ్యి తర్వాత లేస్తుంది. పద్యం నేర్చినవాడి చేతికే తాడు ఇవ్వడం అందుకే. ఎల్ఈడీ తెర మీద కంప్యూటర్ బొమ్మ వేస్తే ఈ పొత్తు ఉండదు. అక్కడ నటుడే బొమ్మ వేగానికి తలవంచాలి.

కొత్త కథలను కూడా సురభి కాదనలేదు. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెజువాన్ మంచి మనిషి కథ ‘బస్తీ దేవత యాదమ్మ’ అయింది. పురాణాలు ఆడే కుటుంబం చేత బస్తీ ఆడమనిషి కథ ఆడించడం సాహసమే. మన సూపర్ కబుకి అక్కడే మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను. దాని వెంట పదేపదే కొత్త రచన రాలేదు, అదే నా బాధ. ఎన్నోసుకెకు ఉమెహరా దొరికాడు, సొంత బృందం, పెద్ద థియేటర్ దొరికాయి. సురభి నాటకాలను నడిపించి సురభి బాబ్జీగా పేరుపడ్డ రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ దొరికింది. ఆయన 2022లో కన్నుమూశారు.

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు రంగస్థల విభాగం ఉంది. మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. సురభి కాలనీకి రెండూ దగ్గరే. ఒక రచయిత, ఒక సంగీత దర్శకుడు, సురభిలో తాడు పట్టే పెద్దలు ఏడాదిపాటు కలిసి కూర్చుంటే, రాత్రి షిఫ్టు నుంచి ఇంటికి చేరే అమ్మాయి కథకూ పద్యం, తీగ రెండూ అమరుతాయి. ఆ ఏడాదికి కావలసిన జీతాలు, కప్పు ఎత్తుగా ఉండి తీగలు కట్టడానికి వీలైన ఒక రంగశాల హైటెక్ సిటీ కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. అడగాల్సింది వాళ్లనే.