చెకుముకి తుపాకి, కర్ర విల్లు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి దాకా జింకల వేటకు ఒక ప్రత్యేకమైన సీజను ఉంటుంది. ఆ సీజనులో చెల్లే తుపాకి చెకుముకి రాయితో పేలేది ఒక్కటే. అది వద్దనుకుంటే విల్లు పట్టుకోవాలి. ఈ చెకుముకి సీజను 1974లో మొదలైంది. ఆకులు రాలి అడవి బోసిపోయి ఉంటుంది, నేల మీద మంచు. అప్పటికే నెలల తరబడి తరిమించుకున్న తెల్లతోక జింకలు చీమ చిటుక్కుమన్నా పరుగందుకుంటాయి. అయినా ఏటా వేలమంది వెళ్తారు.

ఆ రకం తుపాకుల్లో పొడుగు రైఫిలు పుట్టిందీ అక్కడే. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి, బరువైన రైఫిలును అమెరికా అడవికి తగ్గట్టు మార్చుకున్నారు. గొట్టం పొడుగు పెంచి, రంధ్రం సన్నం చేశారు. సీసం, మందు ఆదా అయ్యాయి, గురీ కుదిరింది.

మన పల్లెల్లో నాటు తుపాకి చూసినవాళ్లకు మూతి నుంచి మందు కూరడం కొత్తేమీ కాదు. మందు కూడా అదే: సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. యాభై క్యాలిబర్ తుపాకికైతే ఐదు గ్రాముల మందు కొలిచి గొట్టంలో పోస్తారు. కొవ్వు పట్టించిన నూలుగుడ్డ ముక్కను మూతి మీద పరిచి, దాని మీద గుండ్రటి సీసపు గుండు పెట్టి, కడ్డీతో మందు మీదికి దిగేదాకా దిగ్గొడతారు. గుండు గొట్టం కన్నా పిసరు చిన్నది. ఆ సందును గుడ్డ పూడ్చి, లోపలి మెలిక గాళ్లను పట్టుకుని గుండును గిర్రున తిప్పుతుంది. గుండు మందును ఆనకుండా మధ్యలో ఆగిపోతే గొట్టమే పగలొచ్చు. అందుకే కడ్డీ మీద ముందే గీత గీసి పెట్టుకుంటారు. ఇక పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మెత్తటి మందు వేస్తే సిద్ధమైనట్టే.

మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది, రవ్వలు పళ్లెంలో పడతాయి, అక్కడి మంట సన్నటి కన్నం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. ఇదంతా రెప్పపాటే. కానీ ఆ రెప్పపాటులోనే ముఖం ముందు మంట భగ్గుమంటుంది, కొత్తవాడు ఉలిక్కిపడి గురి చెడగొట్టుకుంటాడు. గుండు వెళ్లిపోయాక కూడా గురి మీది నుంచి కన్ను తీయకపోవడమే ఇందులో అసలు విద్య. తేమ తగిలితే పళ్లెంలో మందు ముద్దయిపోతుంది. కాబట్టి మంచు కురిసేటప్పుడు రాయి, పళ్లెం ఉన్న భాగం మీద నూనె పట్టించిన తోలు తొడుగు కప్పి, మధ్యమధ్య పాత మందు దులిపి కొత్తది వేసుకుంటూ ఉండాలి.

విల్లు పని ఇంకా దగ్గరి నుంచి. 1969లో హాలెస్ అలెన్‌కు పేటెంటు వచ్చిన కప్పీల విల్లు పూర్తిగా లాగాక బరువు తగ్గించి చేతికి ఊరటనిస్తుంది. కర్ర విల్లు ఆ దయ చూపదు. యాభై పౌన్ల విల్లయితే ఆ యాభైనీ మూడు వేళ్లే మొయ్యాలి. గురి చూసే పుల్లా ఉండదు. నారిని పెదవి కొసకు లాగి ప్రతిసారీ అక్కడే ఆనించడమే కొలత. ఇరవై గజాలు దాటడానికి బాణానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు అంతకన్నా చాలా ముందే చేరుతుంది కాబట్టి జింక కిందికి కుంగి బాణాన్ని తప్పించుకోగలదు. చప్పుడు చంపడానికి నారికి ఉన్నిపోగులు కడతారు. ముందుకాలి వెనక, ఊపిరితిత్తులకు తగిలితేనే మంచి దెబ్బ. కొట్టాక వెంటనే పరుగెత్తకూడదు. అరగంటైనా ఆగి, రక్తపు జాడ పట్టుకుని వెళ్లాలి.

ఈ విద్యను అమెరికా మళ్లీ నేర్చుకున్న తీరులో ఓ చేదు ఉంది. తెల్లవాళ్ల వలసలో తన యాహీ జనమంతా నాశనమయ్యాక ఇషి అనే ఆయన 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఒంటరిగా బయటికొచ్చాడు. ఆయనకు వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గరే విల్లు పట్టడం నేర్చాడు. జూనిపర్ కర్రకు జింక నరాలు అతికించి విల్లు చేయడం, గాజులాంటి అబ్సిడియన్ రాతిని చెక్కి ములికి తీయడం, పిల్లజింకలా అరిచి తల్లిని దగ్గరికి రప్పించడం పోప్ కళ్లారా చూశాడు. ఇషి 1916లో క్షయతో పోయాడు. విల్లు వేట మీద పోప్ రాసిన పుస్తకం 1923లో వచ్చింది. విల్లు వేటకంటూ విడిగా మొదటి సీజను 1934లో విస్కాన్సిన్ ఇచ్చింది.

నా దృష్టిలో ఈ పాత పనిముట్ల విలువ వాటి పాతదనంలో లేదు. మూడొందల గజాల నుంచి కొట్టగలవాడిని ఇవి తుపాకికైతే డెబ్బై ఎనభై గజాలకు, విల్లుకైతే ఇరవైకి లాక్కొస్తాయి. రెండో దెబ్బకు వ్యవధి ఉండదు. గాలి వాలు, గిట్టల జాడ, మేత వేళలు తెలియనివాడు అంత దగ్గరికి చేరనే చేరడు. అయితే సాధన లేకుండా మోజుకొద్దీ విల్లు పట్టి జింకను గాయపరిచి వదిలేసేవాడి కన్నా, కొత్త రైఫిలుతో ఒక్క దెబ్బకు పడగొట్టేవాడే నయం.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను దేనితో కొట్టినా నేరమే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆసక్తి ఉంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి లైసెన్సు తీసుకోండి. ఆ తర్వాత కూడా ఒక వేసవంతా గడ్డిమోపు మీద గురి కుదుర్చుకున్నాకే అడవికి వెళ్లండి.