అడవి లిల్లీల చిరునామా

పుట్టపర్తి చుట్టుపక్కల గుట్టల్లో ఎండలు ముదిరే వేళకు అడవి ఉల్లి పూతకొస్తుంది. ఆకు ఒక్కటీ ఉండదు. రాళ్ల సందున నిట్టనిలువుగా ఒక కాడ, దాని నిండా రంగు వెలిసినట్టుండే చిన్న పూలు. వానలు పడ్డాక ఆకులొస్తాయి. అప్పటికి పూలు రాలిపోయి ఉంటాయి. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే ఉన్న నేలలో గడ్డ మొక్కలు బతికే తీరు ఇది. కనబడేది కొన్ని వారాలు, మిగతా కాలమంతా భూమిలోనే. అందుకే వీటి గురించి తెలుసుకోవాలంటే ఎండబెట్టి దాచిన నమూనాల భాండారమే, అంటే హెర్బేరియమే దిక్కు.

అసలు లిల్లీ, అంటే లిలియం, ఈ మెట్టనేలలో అడవి మొక్కగా పెరగదు. పాత గ్రంథాలు దాని కుటుంబంలోనే చేర్చిన అగ్నిశిఖ, అడవి ఉల్లి, లెడిబూరియా, ఇఫిజీనియా వంటివే ఇక్కడి అడవి లిల్లీలు. ఒకటి కంచె మీదికి పాకుతుంది, ఇంకొకటి గడ్డిలో కలిసిపోతుంది.

వీటిని సేకరించడం ఆకుల మొక్కలను సేకరించినంత తేలిక కాదు. గడ్డ లేకుండా కోసిన నమూనా సగం నమూనాయే కాబట్టి లోతుగా తవ్వాలి. నాలుగు మొక్కలే ఉన్న చోట తవ్వకూడదు. గడ్డలో నీరు, ఆహారం నిల్వ ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు కాగితాల మధ్య పెడితే కట్టులోనే మొలకెత్తుతుంది, లేదా బూజు పడుతుంది. అందుకే గడ్డను నిలువునా చీల్చి, మరిగే నీళ్లలో ముంచి, ఆ తర్వాతే పాత న్యూస్‌పేపర్ల మధ్య నొక్కుతారు. మొదట్లో రోజూ కాగితాలు మార్చాలి. ఎండిన మొక్కను సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టకు అతికిస్తారు. గింజలు రాలితే చిన్న కవరులో వేసి పక్కనే అంటిస్తారు. అడవి ఉల్లికైతే ఇదంతా రెండుసార్లు చేయాలి: ఎండల్లో పూలకు, వానల్లో ఆకులకు. ఒక అట్ట నంబరును ఇంకో అట్ట మీద రాస్తారు.

అట్ట కింది మూలన ఉండే చీటీదే అసలు విలువ. పసుపు అడుగు మీద ఎరుపెక్కే అగ్నిశిఖ రేకులు ఎండితే వెలిసిపోతాయి. చీటీలో రాయని రంగు ఇక దొరకదు. చోటు సంగతి ఇంకా ముఖ్యం. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడింది. అంతకు ముందు ఇక్కడ సేకరించిన అట్ట మీద ‘బళ్లారి జిల్లా’ అనే ఉండాలి. 2022 దాకా ‘అనంతపురం’ అని రాసినవారు ఇప్పుడు ‘శ్రీ సత్యసాయి జిల్లా’ అని రాయాలి. మొక్క మాత్రం అదే గుట్ట మీద ఉంది.

పేర్లూ మారతాయి. అడవి ఉల్లిని ఒకప్పుడు యుర్జీనియా అన్నారు, ఇప్పుడు డ్రిమియా అంటున్నారు. పాత లిల్లీ కుటుంబాన్ని ఇటీవలి వర్గీకరణ ముక్కలు చేసి, అగ్నిశిఖను ఒక కుటుంబంలో, అడవి ఉల్లిని ఇంకో కుటుంబంలో పెట్టింది. హెర్బేరియం మర్యాద ప్రకారం పాత చీటీని చింపరు. కొత్త పేరు, నిర్ధారించినవారి పేరు, తేదీ రాసి దాని పక్కన మరో చీటీ అతికిస్తారు. ఎవరు ఏమనుకున్నారో అంతా ఒకే అట్ట మీద చదువుకోవచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద గాంబుల్ మొదలుపెట్టి, 1925లో ఆయన పోయాక ఫిషర్ 1936 నాటికి పూర్తిచేసిన గ్రంథం నిలబడింది ఇలాంటి అట్టల మీదే. అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి పుల్లయ్య, యశోద 1989లో తెచ్చిన జిల్లా వృక్షసంపద గ్రంథానిదీ అదే పునాది. కాల్చిసిన్ అనే మందు పదార్థం కోసం అగ్నిశిఖ దుంపలు, గింజలు మందుల వ్యాపారానికి పోతున్న ఈ రోజుల్లో, అది ఒకప్పుడు ఎక్కడెక్కడ పెరిగిందో చెప్పగల సాక్ష్యం ఈ అట్టల్లోనే ఉంది.

కాబట్టి కొత్తగా సేకరించేవారు జిల్లా పేరుతో ఆగకూడదు. గుట్ట పేరు, వంక పేరు, చెరువు పేరు రాయాలి. విజయనగర కాలం నాటి బుక్కపట్నం చెరువు పుట్టపర్తి పక్కనే ఉంది. ‘బుక్కపట్నం చెరువు గట్టు’ అని రాసిన చీటీని ఏ జిల్లా మార్పూ పాతది చేయలేదు.