పూసల ముసుగు

మొన్న ఒక బొమ్మల పుస్తకం తిరగేస్తూ ఓ ముసుగు దగ్గర ఆగిపోయాను. ఎంతో ఓపికగా కుట్టిన పూసలపని. ముఖం మాత్రం 1996లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'స్క్రీమ్'లో హంతకుడిది! నిజం చెప్పొద్దూ, "ఇదేం వెటకారం?" అనుకున్నాను.

చేయించినాయన ఎర్వే యుంబి, ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు కళాకారుడు. అక్కడి పడమటి కొండల్లో ఉండే బామిలేకె జనం గుర్తుల సంగతి తెలిశాక నా కోపం కాస్త తగ్గింది.

వాళ్ళకి ఏనుగూ, చిరుతపులీ రాజరికానికి గుర్తులు. కప్పేమో సంతానానికి. రాశులుగా గుడ్లు పెడుతుంది కదా! ఇక సాలెపురుగు. మనం కనబడితే చీపురు అందుకుంటాం. వాళ్ళకది జ్ఞాని. నేలలో బొరియ చేసుకుని ఉండే జాతి గనక, పూర్వీకుల మాట దానికి తెలుసని నమ్మకం. బొరియ దగ్గర ఆకుముక్కలు పేర్చి, అది వాటిని కదిపిన తీరు చూసి జోస్యం చెబుతారు.

'ఎన్‌డోప్' అని నీలిగుడ్డ ఒకటుంది. నేసిన గుడ్డని నారతో బిగించి కుట్టి నీలిమందులో ముంచుతారు. కుట్లు విప్పితే తెల్లని బొమ్మలు తేలతాయి. పోచంపల్లిలో నేతకు ముందే దారాలకు కట్లు కడతారు. రంగు సోకని చోటే బొమ్మ అవుతుందన్న కిటుకు మాత్రం ఒకటే.

మరి వాళ్ళ ఏనుగు ముసుగులకి అంత అందం తెచ్చిన గాజుపూసలో? ఐరోపా నుంచి వర్తకంలో వచ్చినవి! పరాయి పూసని సొంతం చేసుకున్నవాళ్ళు పరాయి ముఖాన్ని చేసుకోకూడదా? పైగా యుంబి ఈ ముసుగుల్ని తిన్నగా ప్రదర్శనశాలకి పంపలేదు. ముందు అక్కడి ఆచార సంఘాలవాళ్ళు ధరించి నాట్యం చేశారు. వాళ్ళు ఒప్పుకున్నాక వెటకారమనడానికి నేనెవర్ని?

అయినా ఒక వెలితి. గోడకెక్కిన ముసుగులో ఊపిరుండదు. పక్కన నాట్యం వీడియో పెట్టినా సరే, డప్పుల మోతకి గుండె అదరదు. చెక్కినవాళ్ళ, పూసలు కుట్టినవాళ్ళ చేతులు కూడా గుర్తుకురావు. చూసేవాళ్ళు కళాకారుడి పేరొక్కటే చదువుకుని వెళ్ళిపోతారు. బార్తెలెమి తోగువో అనే మరో కళాకారుడు బామిలేకె సీమలోనే, బండ్‌జూన్‌లో కళాకేంద్రం కట్టింది ఇందుకేనేమో అనిపిస్తుంది. ఇంటివాళ్ళు చూడని బొమ్మకి పొరుగువాళ్ళ మెప్పెంతుంటే ఏం?

నిన్న ఇల్లు దులుపుతుంటే మూలన సాలెపురుగు కనిపించింది. ఎత్తిన చీపురు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత దులిపేశాననుకోండి. మన గూట్లో అది జ్ఞాని కాదు కదా!